తెలుగు అక్షరం – కంప్యూటరు సంకేతం

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు తెలుగు లిపి చరిత్రలో విశిష్ట స్థానం గలవి. ఈ పట్టణాలకు నడుమ, ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళ గ్రామంలో చెన్నకేశవాలయ ప్రాంగణాన లభించిన శాసనం తెలుగు వాక్యాలలో వెలువడిన తొలి శాసనంగా ప్రసిద్ధి చెందింది. అది రేనాటి చోళరాజైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలానికి, అంటే క్రీ.శ. 575 ప్రాంతానికి చెందినదని చరిత్రకారులు నిర్ణయించారు. పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ రచించినది ప్రొద్దుటూరులోనే. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి జన్మించినది పులివెందుల ప్రాంతంలోని పైడిపాలెంలో. రాతిమీద మొదలైన తెలుగు రాత తాటాకు, కాగితం, సీసపు అచ్చు దాటి నేడు కంప్యూటరు తెరమీదకు వచ్చి నిలిచింది.

శాసనం చదవడానికి రెండు కావాలి. రాయి చెక్కుచెదరకుండా ఉండాలి. చదివేవారికి ఆ లిపి తెలిసి ఉండాలి. కంప్యూటరు ఫైలుకు ఈ రెండూ చాలవు. ఫైలు చెక్కుచెదరకపోయినా, చదివేవారికి తెలుగు బాగా వచ్చినా, తెరమీద ఒక్క తెలుగు అక్షరమైనా కనిపించకపోవచ్చు. ప్రొద్దుటూరులో చక్కగా కనిపించిన పుట పులివెందులలో అర్థంలేని గుర్తుల వరుసగా మారవచ్చు. పధ్నాలుగు శతాబ్దాల నాటి శిలాక్షరం నేటికీ పఠనయోగ్యంగా ఉండగా, ఇరవై ఏళ్ళనాటి ఫైలు చదవరాకుండా పోవడం విచిత్రంగా తోచినా అది నిత్యం జరుగుతున్నదే. దానికి కారణం తెలియాలంటే కంప్యూటరు అక్షరాన్ని ఏ రూపంలో దాచుకొంటుందో తెలుసుకోవాలి.

కంప్యూటరుకు అక్షరం తెలియదు. సంఖ్య మాత్రమే తెలుసు. ‘క’ అనే బొమ్మను అది దాచదు. ‘క’కు బదులుగా ఒక సంఖ్యను దాచి, చూపవలసినప్పుడు ఆ సంఖ్యకు తగిన బొమ్మను ఫాంటు నుండి తెచ్చి తెరమీద నిలుపుతుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అనే ఒప్పందానికే సంకేతన పద్ధతి అని పేరు. రాసేవారి యంత్రమూ చదివేవారి యంత్రమూ ఒకే ఒప్పందాన్ని పాటించినంత కాలం ఇబ్బంది లేదు. ఒకటి ఒక ఒప్పందంతో రాసి, మరొకటి వేరొక ఒప్పందంతో చదివితే గందరగోళం తప్పదు.

ఇటువంటి ఒప్పందాలలో ప్రసిద్ధమైన ‘ఆస్కీ’ 1963లో అమెరికాలో ఏర్పడింది. అందులో మొత్తం 128 స్థానాలు మాత్రమే. ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు అందులో ఇమిడిపోయాయి. కంప్యూటరు సమాచారాన్ని కొలిచే ప్రమాణం బైటు. ఒక బైటులో 0 నుండి 255 వరకు ఏ సంఖ్యనైనా ఉంచవచ్చు. కనుక ఆస్కీ వాడగా 128 నుండి 255 వరకు గల స్థానాలు మిగిలాయి. పశ్చిమ ఐరోపా భాషలకు కావలసిన అక్షరాలను, అంటే తలపై గీతలు, చుక్కలు గల ‘ఎ’, ‘ఇ’, ‘ఒ’ వంటివాటిని, ఆ స్థానాలలో నింపారు. విండోస్ యంత్రాలలో ఈ పట్టికకు ‘విండోస్-1252’ అని పేరు. వాడుకలో దీనినే ‘ఆన్సీ’ అంటారు. ఆ పేరు అమెరికా ప్రమాణాల సంస్థను స్ఫురింపజేస్తుంది గాని, ఆ సంస్థ ఈ పట్టికను ప్రమాణంగా ఎన్నడూ ప్రకటించలేదు. అయినా పేరు స్థిరపడిపోయింది.

తెలుగుకు ఈ పట్టికలో చోటు లేదు. అయినా 1990వ దశకంలో పట్టణాలలో డీటీపీ కేంద్రాలు వెలిశాయి. సీసపు అచ్చులు పేర్చే కంపోజిటరు స్థానంలో కంప్యూటరు ముందు కూర్చున్న ఆపరేటరు వచ్చాడు. అక్కడ జరిగినది ఒక ఉపాయం. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలను అలాగే ఉంచి, ఫాంటులోని బొమ్మలను మాత్రం మార్చివేశారు. ఇంగ్లీషు అక్షరం ఉండవలసిన గడిలో తలకట్టు లేని ‘క’ను, మరొక గడిలో తలకట్టును, ఇంకొక గడిలో కొమ్మును గీశారు. ‘అను’, ‘శ్రీలిపి’ వంటి సాఫ్టువేర్లు ఈ పద్ధతిలోనే తెలుగు ముద్రణను తీర్చిదిద్దాయి. ఆ ఫాంట్ల సొగసును తక్కువ చేయడానికి వీలులేదు. నేటికీ అనేక ముద్రణాలయాలలో పెండ్లిపత్రికలు, కరపత్రాలు వాటితోనే సిద్ధమవుతున్నాయి. కాగితంమీద అచ్చయ్యేవరకే పని అయితే ఆ పద్ధతిలో లోపమేమీ కనిపించదు.

లోపం ఫైలు ఊరు దాటినప్పుడు బయటపడుతుంది. ప్రొద్దుటూరులోని ఒక డీటీపీ కేంద్రంలో కూర్చిన పత్రాన్ని జమ్మలమడుగులోని బంధువు తన కంప్యూటరులో తెరిచాడనుకొందాం. అతని వద్ద ఆ ఫాంటు లేదు. అప్పుడు యంత్రం తనకు తెలిసిన మామూలు ఇంగ్లీషు ఫాంటును వాడి, దాచి ఉంచిన సంఖ్యలకు అసలు బొమ్మలనే చూపుతుంది. ఫలితంగా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగాపులగంగా కనిపిస్తాయి. యంత్రం పొరబడలేదు. ఆ ఫైలులో మొదటినుండీ ఉన్నవి ఆ గుర్తులే. తెలుగు అనేది కేవలం ఫాంటు వేసిన వేషం. పైగా ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క విధంగా బొమ్మలను గడులలో పేర్చడం వలన ఒక ఫాంటులో కూర్చినది మరొక తెలుగు ఫాంటులోనూ చదవరాదు. ఆ ఫైలులో ‘శివతాండవం’ అని వెదికితే దొరకదు. పేర్లను అకారాది క్రమంలో అమర్చమంటే యంత్రం ఇంగ్లీషు వర్ణక్రమాన్ని పాటిస్తుంది. వార్తాపత్రికలు కూడా తమ తమ సొంత ఫాంట్లతో అంతర్జాలంలో ప్రవేశించడం వలన, వాటిని చదవడానికి వీలుగా మార్చి చూపే ‘పద్మ’ వంటి పరివర్తకాలు 2000 తరువాతి దశకంలో అవసరమయ్యాయి.

ఈ చిక్కును తొలగించడానికి దేశంలో ప్రయత్నం జరగకపోలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ‘ఇస్కీ’ అనే పద్ధతిని ప్రమాణంగా ప్రకటించింది. అందులో బొమ్మల ముక్కలకు గాక అక్షరాలకే సంఖ్యలు ఇచ్చారు. అన్ని భారతీయ లిపులలోని ‘క’కు ఒకే సంఖ్య. సీడాక్ సంస్థ వారి జిస్ట్ పరిజ్ఞానం దీనికి ఊతమిచ్చింది. శాస్త్రీయంగా ఇది మెరుగైన మార్గమే అయినా, డీటీపీ కేంద్రాలు దీనిని అంతగా ఆదరించలేదు. అచ్చుపనికి సొంత ఫాంట్లే వారికి అనువుగా తోచాయి.

అదే 1991లో యూనికోడ్ తొలి కూర్పు వెలువడింది. ప్రపంచంలోని లిపులన్నింటినీ ఒకే పట్టికలో చేర్చి, ఏ అక్షరానికీ మరొక అక్షరంతో పోటీ లేకుండా సంఖ్యలివ్వడం దాని ఆశయం. భారతీయ లిపుల అమరికకు అది ఇస్కీనే ఆధారంగా తీసుకొంది. తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. గుణింతపు గుర్తులకు వేరే సంఖ్యలు ఉన్నాయి. వత్తులకు మాత్రం ప్రత్యేక సంఖ్యలు లేవు. ఒక హల్లు, తరువాత పొల్లు, ఆపై మరొక హల్లు వస్తే యంత్రమే రెండవదానిని వత్తుగా మార్చి చూపుతుంది. తెలుగు వ్యాకరణం సంయుక్తాక్షరాన్ని వివరించే తీరు కూడా ఇదే కావడం గమనింపదగినది.

కాని 3093 అనే సంఖ్య ఒక బైటులో పట్టదు. బైటు పరిమితి 255. కనుక పెద్ద సంఖ్యలను బైట్లుగా విడగొట్టే ఉపాయం కావలసివచ్చింది. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలోని న్యూజెర్సీలో ఒక భోజనశాలలో, పళ్ళెం కింద పరిచే కాగితంమీద దీనికి రూపకల్పన చేశారు. అదే యూటీఎఫ్-8. ఇందులో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. అది పాత ఆస్కీ సంఖ్యే. తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి. లెక్క కష్టమైనది కాదు. 3093ను 64తో భాగిస్తే 48 భాగఫలం, 21 శేషం. ఈ రెండింటికీ 128 చొప్పున కలిపితే 176, 149 వస్తాయి. వాటికి ముందు 224 చేరుతుంది. కాబట్టి ‘క’ ఫైలులో 224, 176, 149 అనే మూడు బైట్లుగా నిలుస్తుంది. తెలుగు అక్షరమేదైనా మొదటి బైటు 224. రెండవది 176 గాని 177 గాని అయి తీరుతుంది. ఈ రెండు విషయాలను గుర్తుంచుకొంటే తరువాతి కథంతా సులభంగా బోధపడుతుంది.

ఒక కార్యాలయంలో టెక్స్ట్ ఎడిటర్ సాయంతో మూడు ఊళ్ళ పేర్లు – ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల – వరుసగా టైపు చేసి యూటీఎఫ్-8లో భద్రపరచారనుకొందాం. కంటికి ‘ప్రొద్దుటూరు’లో నాలుగు అక్షరాలే కనిపిస్తాయి: ప్రొ, ద్దు, టూ, రు. యంత్రం లెక్కలో మాత్రం హల్లులు, పొల్లులు, గుణింతపు గుర్తులు కలిసి పన్నెండు సంకేతాలు, 36 బైట్లు. ‘జమ్మలమడుగు’కు పది సంకేతాలు, 30 బైట్లు. ‘పులివెందుల’కు కూడా సరిగ్గా అంతే. సెల్‌ఫోనులో ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు ఇచ్చి, తెలుగు సందేశానికి 70 సంకేతాలే ఇవ్వడం వెనుక ఉన్నది కూడా ఈ బైట్ల లెక్కే. అక్కడి పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి రెండేసి బైట్లు పడతాయి.

ఇప్పుడు ఆ ఫైలును మరొక కంప్యూటరులో తెరిచారు. అక్కడి ఎడిటర్ అమరిక ‘ఆన్సీ’ అని ఉన్నది. ఆ ఎడిటర్ మూడు బైట్లను ఒక అక్షరంగా చదవదు. ఒక్కొక్క బైటును ఒక్కొక్క పాశ్చాత్య అక్షరంగా చదువుతుంది. ఆ పట్టికలో 224 అంటే తలపై ఏటవాలు గీత గల ఇంగ్లీషు చిన్న ‘ఎ’. 176 అంటే ఉష్ణోగ్రత పక్కన వేసే చిన్న సున్న. 177 అంటే కూడిక, తీసివేత కలిసిన గుర్తు. అందువలన పుటంతా ఏటవాలు గీత గల ‘ఎ’లతో, వాటి పక్కన సున్నలతో, కూడిక తీసివేత గుర్తులతో నిండిపోతుంది. ఆ మూడు గుర్తులు పదే పదే కనిపించాయంటే, అది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగును ఆన్సీగా చదివినందువలన కలిగిన వికారమని నిస్సందేహంగా చెప్పవచ్చు. అదే ఫైలులోని ఇంగ్లీషు వాక్యాలు మాత్రం చక్కగా కనిపిస్తాయి. ఇంగ్లీషు బైట్లు రెండు పద్ధతులలోనూ ఒకటే కదా. అందుచేత చూసేవారు దోషం అమరికలో ఉన్నదనుకోక, తెలుగులోనే ఏదో లోపం ఉన్నదని భ్రమపడతారు.

ఇంతవరకు జరిగిన నష్టమేమీ లేదు. ఫైలులోని బైట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కళ్ళద్దాలు మాత్రం మారాయి. భద్రపరచకుండా మూసివేసి, ఎడిటర్‌లో సంకేతన పద్ధతిని యూటీఎఫ్-8గా ఎంచుకొని మరల తెరిస్తే మూడు పేర్లూ యథాతథంగా ప్రత్యక్షమవుతాయి. ప్రమాదమంతా ‘సేవ్’ మీటతోనే ప్రారంభమవుతుంది.

వికృతంగా కనిపిస్తున్న ఆ పుటనే ఎవరైనా యూటీఎఫ్-8గా భద్రపరచితే యంత్రం ఆ పాశ్చాత్య గుర్తులే అసలైన రచన అని నమ్మి, వాటికి మరల సంకేతాలు వేస్తుంది. ‘క’ ఒక్కటే మూడు బైట్లనుండి ఏడు బైట్లకు పెరుగుతుంది. ఫైలు రెట్టింపుకు మించి ఉబ్బుతుంది. దీనిని తిరిగి సరిచేయడం సాధ్యమే. వచ్చిన దారినే వెనుకకు నడిపించాలి. అయితే ఆ దారిలో కొన్ని గుంటలున్నాయి.

విండోస్-1252 పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలకు ఏ అక్షరమూ లేదు. అవి ఖాళీలు. తెలుగు దురదృష్టమేమంటే ఆ ఖాళీలలో పడేవి అరుదైన అక్షరాలు కావు. ఉకారపు కొమ్ము చివరి బైటు 129. పొల్లు చివరి బైటు 141. అరసున్నకు కూడా 129. ఏ, ఐ, ఝ అనేవాటికి వరుసగా 143, 144, 157. తెలుగు పదాలలో ఎన్నో ఉకారంతో ముగుస్తాయి. ప్రతి వత్తుకూ వెనుక ఒక పొల్లు ఉంటుంది. కొన్ని సాధనాలు ఈ ఖాళీలను కంటికి కనిపించని గుర్తులుగా నిలుపుకొంటాయి. మరికొన్ని వాటిని వదలివేస్తాయి. ఒక చోటినుండి మరొక చోటికి కత్తిరించి అతికించినప్పుడు అవి రాలిపోవడం సాధారణం. అప్పుడు మిగిలిన 224, 177 అనే రెండు బైట్లు అసంపూర్ణమై, అది కొమ్మో పొల్లో చెప్పే ఆధారం లేకుండా పోతుంది. రెంటికీ మొదటి రెండు బైట్లు అవే.

అటువంటి ఫైలును తిరిగి తెలుగులోకి మార్చి, అసంపూర్ణమైన బైట్లను తీసివేస్తే ‘ప్రొద్దుటూరు’ అనే పేరు ‘పరొదదటూర’ అవుతుంది. ‘జమ్మలమడుగు’ ‘జమమలమడగ’ అవుతుంది. ‘పులివెందుల’ ‘పలివెందల’గా మిగులుతుంది. ఊళ్ళ పేర్లు కనుక ఆ ప్రాంతం తెలిసినవారు పోల్చుకొని సరిదిద్దగలరు. అదే ఒక విద్యార్థి ఇంటిపేరో, పొలం ఉన్న గ్రామం పేరో, ఒక పాత కైఫీయతులోని అపరిచిత పదమో అయితే పోల్చుకొనే ఆధారం దొరకదు. ఈ ఐదు ఖాళీలే కాక మరొక రెండు మోసపు స్థానాలున్నాయి. ‘ఠ’ చివరి బైటు 160. ఆ పట్టికలో అది పదాల మధ్య ఖాళీని పోలిన గుర్తు. ‘భ’ చివరి బైటు 173. అది పంక్తి చివర పదం విరిగితేనే కనిపించే గీత. ఖాళీలను సవరించే సాధనాలు వీటిని తేలికగా చెరిపివేస్తాయి. ‘పాఠం’, ‘భాష’ అనే మాటలు రెండూ ఇలా దెబ్బతినేవే.

లేఖకుల పొరపాట్లకూ ఈ పొరపాట్లకూ భేదం ఉన్నది. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించి తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, పాఠభేదాలను పోల్చి గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆయన వేమన పద్యాలను 1829లో ప్రచురించాడు. తాళపత్ర ప్రతులలో ఒక్కొక్క లేఖకుడు ఒక్కొక్క చోట తప్పుతాడు. ఒకరు తప్పిన చోట మరొకరు సరిగా రాసి ఉంటారు. అందుకే పది ప్రతులు పోల్చితే మూలం దొరికేది. యంత్రపు తప్పు అటువంటిది కాదు. అది ప్రతిచోటా ఒకే విధంగా తప్పుతుంది. బైట్లు పోకుండా ఉంటే ఆ నియమబద్ధతే మేలు చేస్తుంది. ఒక్క సూత్రంతో వేయి పుటలు క్షణంలో సరవుతాయి. బైట్లు పోతే మాత్రం వేయి ప్రతులు పోల్చినా ప్రయోజనం లేదు. అన్నింటిలోనూ అదే చోట అదే లోపం ఉంటుంది.

అన్నింటికన్నా తీవ్రమైన నష్టం మరొక విధంగా జరుగుతుంది. తెరమీద తెలుగు చక్కగానే కనిపిస్తూ ఉంటుంది. భద్రపరచే సమయంలో అమరిక ‘ఆన్సీ’ అని ఉంటుంది. ఆ పట్టికలో తెలుగుకు చోటు లేదు కనుక, ఈ ఫైలులోని కొన్ని అక్షరాలు పోతాయని ఎడిటర్ ఒక హెచ్చరికను చూపుతుంది. తొందరలో ఉన్నవారు దానిని చదవక ‘సరే’ అని నొక్కుతారు. యంత్రం ఒక్కొక్క తెలుగు సంకేతానికి బదులు ఒక్కొక్క ప్రశ్నార్థకాన్ని పెట్టి భద్రపరుస్తుంది. ‘ప్రొద్దుటూరు’ స్థానంలో పన్నెండు ప్రశ్నార్థకాలు, ‘జమ్మలమడుగు’ స్థానంలో పది, ‘పులివెందుల’ స్థానంలో పది. ఏ పది జమ్మలమడుగో, ఏ పది పులివెందులో చెప్పగల సాధనం ప్రపంచంలో లేదు. ఇక్కడ వికారం కాదు, వినాశనం జరిగింది. టైపు చేసినవారి తెరమీద ఫైలు మూసేవరకు తెలుగు కనిపిస్తూనే ఉండవచ్చు. మరునాడు తెరిచినప్పుడు గాని సంగతి తెలియదు.

విండోస్‌తోపాటు వచ్చే నోట్‌ప్యాడ్‌లో కొత్త ఫైలును భద్రపరచేటప్పుడు చాలాకాలం పాటు ‘ఆన్సీ’యే ముందుగా ఎంపికై ఉండేది. తెలుగు కావలసినవారు ప్రతిసారీ గుర్తుపెట్టుకొని మార్చుకోవలసి వచ్చేది. 2019లో వచ్చిన విండోస్-10 నవీకరణతో నోట్‌ప్యాడ్ తొలి ఎంపిక యూటీఎఫ్-8 అయింది. యూనికోడ్ పుట్టిన ఇరవై ఎనిమిదేళ్ళకు గాని ఈ చిన్న మార్పు రాలేదు. అంతకుముందే 2001లో విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. కాని క్లిష్టలిపులకు సంబంధించిన అమరికను వినియోగదారుడే వెదికి చేర్చుకోవలసి ఉండేది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు ఆ తొలి రోజులలో ఎందరికో ఉపకరించాయి.

యూనికోడ్ అన్నంతమాత్రాన చిక్కులన్నీ తీరలేదు. యూటీఎఫ్-16 అనే మరొక పద్ధతి ఉన్నది. అందులో ‘క’ రెండు బైట్లు: 12, 21. పెద్దభాగాన్ని ముందు రాయాలా, చిన్నభాగాన్ని ముందు రాయాలా అనే విషయంలో యంత్రాలు రెండు వర్గాలుగా చీలాయి. జోనాథన్ స్విఫ్ట్ రచించిన ‘గలివర్ యాత్రలు’లో గుడ్డును పెద్దకొసన పగులగొట్టాలా, చిన్నకొసన పగులగొట్టాలా అనే వివాదంపై యుద్ధాలు జరుగుతాయి. 1980లో డానీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ కథలోని పేర్లనే ఈ బైట్ల వివాదానికి పెట్టాడు, అవే స్థిరపడ్డాయి. 12, 21 అని రాసినదానిని 21, 12 అని చదివితే వచ్చే సంఖ్య 5388. అది కెనడా ఆదివాసుల లిపికి కేటాయించిన భాగంలోనిది. తెలుగు ‘క’ కెనడా అక్షరంగా ప్రత్యక్షం కావడం హాస్యాస్పదమే గాని, కారణం తెలియనివారికి అది భయం గొలిపే విషయం.

ఈ క్రమాన్ని తెలియజేయడానికి ఫైలు మొదట్లో ఒక గుర్తును ఉంచే ఆచారం ఏర్పడింది. దానినే ‘బామ్’ అంటారు. యూటీఎఫ్-8లో ముందు వెనుకల వివాదం లేకపోయినా, ‘ఇది యూటీఎఫ్-8 ఫైలు’ అని చెప్పడానికి 239, 187, 191 అనే మూడు బైట్లను కొన్ని ఎడిటర్లు మొదట చేరుస్తాయి. విద్యార్థుల పేర్లను తెలుగులో కూర్చి, కామాలతో విడదీసిన పట్టికగా భద్రపరచి, ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తరచు ఏటవాలు ‘ఎ’ల వరుసే కనిపిస్తుంది. మొదట్లో బామ్ ఉంటే అదే పట్టిక సరిగా తెరుచుకొంటుంది. కాని అదే బామ్ కొన్ని ప్రోగ్రాములలో అనవసరమైన మూడు గుర్తులుగా బయటపడి పని చెడగొడుతుంది. ఒకచోట ఔషధమైనది మరొకచోట అపథ్యమన్నట్లు.

తెరమీద కనిపించే లక్షణాన్నిబట్టి వ్యాధిని గుర్తించవచ్చు. అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే సంకేతాలు క్షేమంగా ఉన్నట్లే. తగిన ఫాంటు లేదు, అంతే. ఏటవాలు ‘ఎ’లు, సున్నలు కనిపిస్తే చదివే పద్ధతి మారింది, భద్రపరచకుండా మూసివేయాలి. గీతలు లేని మామూలు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి ఉంటే అది పాత డీటీపీ ఫాంటులో కూర్చినది. ఆ ఫాంటుగాని, తగిన పరివర్తకంగాని కావాలి. నల్లని వజ్రాకారంలో తెల్లని ప్రశ్నార్థకం ఉంటే చదవరాని బైట్లు తగిలాయని అర్థం. మూల ఫైలును వేరొక అమరికతో తెరిచి చూడవచ్చు. మామూలు ప్రశ్నార్థకాలే వరుసగా ఉంటే మాత్రం వేరే ప్రతి ఎక్కడైనా ఉన్నదేమో వెదకడమే మార్గం. ఏ చికిత్స ప్రారంభించడానికైనా ముందు ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టడం పండితులు మూలప్రతిమీద సవరణలు చేయకుండా ప్రత్యేక ప్రతి రాసుకోవడం వంటిదే.

సంకేతం సరిగా ఉండి, పద్ధతి సరిగా ఉండి, బొమ్మ కూర్చే చోట తప్పు జరిగిన సందర్భమూ ఉన్నది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను స్తంభింపజేసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విభాజక చిహ్నం, దీర్ఘం – ఈ ఐదు సంకేతాలు ఆ వరుసలో వచ్చినప్పుడు ఐఓఎస్ 11.2.5లోని అక్షరాలను కూర్చే భాగం దిక్కుతోచక నిలిచిపోయింది. ఆ అక్షరమున్న సందేశం అందితే చాలు, సందేశాల అనువర్తనం మూతపడేది. తెలుగు రానివారు కూడా ఆ అక్షరాన్ని ఆకతాయితనంగా పంపుకొన్నారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పును విడుదల చేసి ఆ లోపాన్ని సవరించింది. పత్రికలు దానిని ప్రమాదకరమైన తెలుగు అక్షరంగా వర్ణించాయి. ప్రమాదం అక్షరంలో లేదు. దానిని కూర్చిన సాఫ్టువేరులో ఉన్నది.

యూనికోడ్ పట్టికలో తెలుగు భాగం కూడా ఒక్కసారిగా పూర్తి కాలేదు. శకటరేఫమైన ‘ఱ’కు మొదటినుండీ 3121 స్థానం ఉన్నది. దంత్యాలను సూచించే ‘ౘ’, ‘ౙ’ 2008లో చేరాయి. ప్రాచీన శాసనాలకు అవసరమైన మరొక రేఫరూపం ‘ౚ’ 2015లోను, పాత గ్రంథాలలో కనిపించే నకారపొల్లు 2021లోను స్థానం పొందాయి. రేనాటి చోళుల శాసనాలలో తమిళ, మలయాళ భాషలలో నేటికీ నిలిచి ఉన్న ఒక ధ్వనికి ప్రత్యేకమైన అక్షరం ఉన్నది. ‘చోళ’ అని నేడు రాసే పేరులోని చివరి అక్షరం ఆ కాలంలో అదే. పట్టికలో ‘ళ’ సంఖ్య 3123, ‘వ’ సంఖ్య 3125. భారతీయ లిపులన్నింటినీ ఒకే వరుసలో అమర్చడం వలన, నడుమనున్న 3124 తెలుగులో 1991 నుండి ఖాళీగా ఉండిపోయింది. 2014లో వెలువడిన యూనికోడ్ 7.0 కూర్పులో ఆ గడిలో ‘ఴ’ చేరింది. అప్పటివరకు రేనాటి శాసనపాఠాన్ని టైపు చేసేవారు దానికి బదులు ‘ళ’ను గాని, తమిళ అక్షరాన్ని గాని వాడుకోవలసి వచ్చేది. 2014కు ముందు తయారై, తరువాత సవరణకు నోచుకోని ఫాంట్లలో ఆ స్థానాన ఇప్పటికీ ఖాళీ డబ్బాయే కనిపిస్తుంది.